ముక్తేశ్వరం బోర్డు చదివేదాకా

(కోనసీమలో ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుగా రిటైరైన టీచరమ్మ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్ర: మా బాబు మూడో తరగతి. పాఠం గడగడా చదివేస్తాడండి. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంట్రా అంటే నోరు మెదపడు. రోజూ తిడుతున్నాను, వాడు ఏడుస్తున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యాలి?
– ఒక తల్లి, పి.గన్నవరం దగ్గర లంక

జ: అమ్మా, ఈ వేళ నుంచే తిట్టడం మానేయండి. విన్నదాన్ని విన్నట్టు అప్పజెప్పేవాడికి బుర్ర లేకపోవడమేంటి? వాడికి గుర్తుపెట్టుకోవడం వచ్చింది, చదవడం ఇంకా రాలేదు. తరగతిలో అందరూ ఒక్కసారే గొంతెత్తి చదువుతుంటే ఎవరు చదువుతున్నారో, ఎవరు పక్కవాడి గొంతు పట్టుకుని వెళ్లిపోతున్నారో టీచరుకి తెలియదు. నాకూ చాలా ఏళ్లు తెలియలేదు. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలని పెట్టారు. అంకె సంగతి అలా ఉంచండి. పిల్లలు అంతకుముందు చూడని పాఠం ఇచ్చి చదివించాలన్నారు చూడండి, నాకు నచ్చింది అదీ.

మీ బాబులాంటి పిల్లాడి కోసమే ఒకసారి పాత శుభలేఖ అట్ట తీసుకుని, మధ్యలో బ్లేడుతో చిన్న కిటికీ కోశాను. పుస్తకం మీద పెట్టి జరుపుతుంటే ఒక్కో మాటే కనిపిస్తుంది. వాడు 'ఊరు' చదివాడు, 'పడవ' చదివాడు. 'కొత్త' దగ్గరికి వచ్చేసరికి 'కొ' అన్నాడు, 'త' అన్నాడు, కింద ఉన్న వత్తుని చూసి నా మొహంలోకి చూశాడు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, వత్తు దగ్గర దారం తెగిపోతోంది! గ, డ, ద వత్తులు చిన్న సైజులో ఆ అక్షరాల్లాగే ఉంటాయి కాబట్టి పిల్లలు పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల వత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు. పక్కన కూర్చుని ఎవరో ఒకరు చూపించాలి. రోజుకొక వత్తు చొప్పున వారం కూర్చుంటే చాలావరకు వచ్చేశాయి వాడికి. మీరూ ఆ కిటికీ పెట్టి మీవాడు ఎక్కడ ఆగుతున్నాడో ముందు కనిపెట్టండి.

తర్వాత బస్సు బోర్డులు. మనవైపు వాటిని మించిన వాచకం లేదని నా నమ్మకం. రావులపాలెం, అమలాపురం, రాజోలు: వీటిలో వత్తుల్లేవు, గుణింతాలతో వెళ్లిపోవచ్చు. అవి తడుముకోకుండా వచ్చాక కొత్తపేట, ముమ్మిడివరం. అక్షరానికి అదే వత్తు. ఆపైన ముక్తేశ్వరం, ద్రాక్షారామం. ఒక అక్షరం కింద ఇంకో అక్షరం. అన్నీ విన్న ఊళ్లే కాబట్టి తప్పు చదివితే మనం చెప్పక్కర్లేదు, వాడికే తెలిసిపోతుంది.

రాత్రి అన్నాలు తిన్నాక మాత్రం చదవమని అడగొద్దు. మీరే ఒక కథ పైకి చదివి వినిపించండి, పది నిమిషాలు. వాణ్ని ఆనుకుని కూర్చోనివ్వండి. కథలో నీతి ఏంటి, ఈ అక్షరం ఏంటి అని ప్రశ్నలు వెయ్యకండి. పుస్తకం తెరిస్తే తిట్లు పడతాయని కదా వాడికి ఇన్నాళ్లూ తెలిసింది. అది మరిచిపోవడానికి కొన్నాళ్లు పడుతుంది, తొందరపడకండి.

ప్ర: ఈ ఏడాదే టీచరుగా చేరాను. బడిలో కథల పుస్తకాలున్నాయి, కానీ పోతే మనమే కట్టుకోవాలని మా హెడ్మాస్టరు గారు బీరువా తాళం తియ్యనివ్వడం లేదు.
– ఒక మాస్టారు, రాజోలు వైపు నుంచి

జ: మాస్టారూ, నేనూ చాలాకాలం తాళం వేసినదాన్నే. 2022 జూలై వరదకి మా బడిలోకి నీళ్లొచ్చాయి. బీరువా కింది రెండు అరల్లో భద్రంగా దాచిన పుస్తకాలు ముద్దయిపోయాయి. పేజీ విడదీస్తే చేతికే వచ్చేది. అంతకు వారం ముందు పిల్లలు ఇళ్లకి పట్టుకెళ్లిన పదకొండు పుస్తకాలు మాత్రం అటక మీద బట్టల మూటలతో పాటు ఉండి, పొడిగా తిరిగొచ్చాయి. వాళ్ల అమ్మలు బియ్యంతో పాటు వాటినీ పైకెక్కించారు. ఆ రోజు నుంచి నేను తాళం వెయ్యలేదు.

మీ హెడ్మాస్టరు గారి భయం తీరాలంటే ఒక నోట్‌బుక్కు పెట్టి పుస్తకం పేరు, తేదీ, తీసుకున్నవారి పేరు పిల్లల చేతే రాయించండి. ఐదో తరగతి వాళ్లు ఆ పని ఎంత పట్టింపుగా చేస్తారో చూద్దురుగాని. వరండాలో దండెం కట్టి, బట్టల క్లిప్పులతో అట్టబొమ్మలు కనబడేలా పుస్తకాలు వేలాడదీయండి. చినిగితే జిగురు ఉంది. చాలకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, నాలుగు స్థాయిల్లో. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు ధర తక్కువ, బొమ్మలు బాగుంటాయి. ఇంకొక్కటి. పిల్లలు చదువుకునే ఆ అరగంటలో మీరు రిజిస్టర్లు రాసుకోకండి. మీరూ ఒక పుస్తకం పట్టుకుని వాళ్ల మధ్య కూర్చోండి.

ప్ర: మా పాప రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు కథలు చదివిస్తే వెనకబడిపోతుందని బంధువులు అంటున్నారు. నిజమేనాండి?
– ఒక తండ్రి, పాలకొల్లు

జ: కాదండి. ఆ మాట విని తెలుగు పుస్తకాలు పక్కన పెట్టెయ్యకండి. 2020–21 నుంచి మన రాష్ట్రంలో సర్కారు బడి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. ఇంట్లో లేకపోతే తెలిసినవాళ్ల దగ్గర ఒకటి అడిగి తెచ్చుకోండి. ఏదైనా ఒక పాఠం ముందు తెలుగు పేజీ చదివించి, తర్వాత ఎదురు పేజీకి వెళ్లండి. సంగతంతా పాపకి అప్పటికే తెలిసి ఉంటుంది, కొత్త మాటలు పట్టుకోవడమే మిగులుతుంది.