రోబోలు వస్తున్న బట్టల మిల్లుకు మా అబ్బాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది కోనసీమలోని బండారులంక. మా నాన్నగారి కాలం నుంచీ మగ్గం మీద బతికిన కుటుంబం. మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేశాడు. తమిళనాడులోని ఈరోడ్ ప్రాంతంలో బట్టలకు ఫినిషింగ్, కోటింగ్ చేసే ఒక మిల్లు అతన్ని ఏడాది అప్రెంటిస్‌గా తీసుకుంటామంటోంది. అయితే ఆ మిల్లులో వాటంతట అవే తిరిగే రోబోలను పెడుతున్నారట. మనుషుల పని యంత్రాలకు పోతున్న చోటికి పిల్లవాణ్ణి పంపడం ఎందుకని, ఈసెట్ రాయించి ఇంజినీరింగ్‌లో చేర్పించమని బంధువులు అంటున్నారు. ఏది మేలో చెప్పగలరు.

జవాబు: అయ్యా, మీ అబ్బాయి మిల్లుకు వెళ్లడమే మేలని నా అభిప్రాయం. అయితే మొదటి ఆరు నెలలైనా అతన్ని బట్ట నడిచే యంత్రాల దగ్గర ఉంచాలి. కేవలం రోబోల ఛార్జింగ్ చూసుకునే పనికే తీసుకునేటట్లయితే నా సలహా మారుతుంది.

ఆ రోబోలు చేసే పని ఏమిటో ముందు చూద్దాం. అద్దకం పూర్తయిన బట్టను పెద్ద పెద్ద చుట్టలుగా చుట్టి, చక్రాల బండ్ల మీద ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేరవేస్తారు. ఈ తోపుడు పనికి చాలామంది కావాలి, నడుములు విరిగే శ్రమ కూడా. పాతకాలపు డ్రైవర్ లేని బండ్లు నేలలో పరిచిన తీగ వెంటో, అంటించిన అయస్కాంతపు పట్టీ వెంటో ఎక్కువగా నడిచేవి. ఇప్పుడు వస్తున్నవి లేజర్ కిరణాలతో చుట్టూ ఉన్న దూరాలను కొలుచుకుని, మ్యాప్ తయారుచేసుకుని, ఎవరైనా అడ్డు వస్తే ఆగడమో పక్కదారి పట్టడమో చేస్తాయి. కాబట్టి మోసే పనులు, తోసే పనులు తగ్గుతాయి. ఆ మేరకు మీ బంధువుల భయం నిజమే. కానీ డిప్లొమా చదివిన మీ అబ్బాయి వెళ్తున్నది ఆ పనికి కాదు.

స్టెంటర్ ముందు నిలబడేవారి పని వేరు. తడిబట్టను మందు కలిపిన తొట్టిలో ముంచి, రోలర్ల మధ్య పిండి, రెండు అంచులనూ సూదుల గొలుసుకు తగిలించి, వరుసగా ఉన్న వేడి గదుల గుండా నడిపించే యంత్రం అది. పాలిస్టర్ బట్టకు దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ వేడి పెడతారు. వేడి మితిమీరితే తెల్లబట్ట పసుపెక్కుతుంది. లాగుడు ఎక్కువైతే మొదటి ఉతుకులోనే కుదించుకుపోతుంది. మధ్యభాగం అంచులకన్నా వెనకబడితే గళ్లబట్టలో అడ్డగీతలు విల్లులా వంగుతాయి. కోటింగ్ విభాగంలోనైతే బట్ట మీద పరిచిన పేస్టును ఒక కత్తి అంచు సమంగా గీకుతుంది. ఆ అంచు కింద ఎండిన పేస్టు పలుకు ఒక్కటి ఇరుక్కుందంటే, ఎవరో ఒకరు గమనించి తీసేదాకా మీటర్ల కొద్దీ బట్ట మీద సన్నని చార పడుతూనే ఉంటుంది. చారను కెమెరా పట్టుకుంటుంది. అది కత్తి వల్ల వచ్చిందా, పేస్టు చిక్కదనం వల్ల వచ్చిందా, నేతలోనే ముడి ఉండి వచ్చిందా అని తేల్చడానికి మాత్రం పని తెలిసిన మనిషి కావాలి. మగ్గం మీద కూర్చున్న మీకు ఈ తేడా నేను విడమరచి చెప్పనక్కరలేదు, మీ అబ్బాయి కూడా దాన్ని చూస్తూనే పెరిగి ఉంటాడు.

ఇక రోబోలకు మిల్లులో వచ్చే చిక్కులు కూడా బట్ట నుంచే పుడతాయి. గాలిలో తేలే నూగు లేజర్ సెన్సర్ అద్దం మీద పేరుకుంటే బండి దారి తప్పుతుంది, లేదా ఎదుట ఏమీ లేకపోయినా ఆగిపోతుంది. తడినేల మీద చక్రం జారుతుంది. కొన్ని కోటింగులలో టోలుయీన్ వంటి సులభంగా అంటుకునే ద్రావకాలు వాడతారు కాబట్టి, ఆ ఆవిరి చేరే చోట మామూలు బ్యాటరీ బండిని తిప్పడానికి వీల్లేదు, నిప్పురవ్వ పుట్టని విధంగా తయారుచేసి ధ్రువీకరించినదే ఉండాలి. రోబో అమ్మిన కంపెనీ ఇంజినీరుకు బట్ట సంగతి తెలియదు, అద్దకం చూసుకునే డైయింగ్ మాస్టరుకు రోబో సంగతి తెలియదు. ఈ రెండూ తెలిసినవారు అరుదు కనుకనే, మీ అబ్బాయి అక్కడ నిలదొక్కుకోగలడని నమ్ముతున్నాను.

ఈ రంగం కుంచించుకుపోయేది కూడా కాదు. కేంద్ర ప్రభుత్వం 2020లో 1,480 కోట్ల రూపాయలతో జాతీయ సాంకేతిక వస్త్రాల మిషన్‌ను ఆమోదించింది. సాంకేతిక వస్త్రాలంటే కట్టుకోవడానికి కాక వ్యవసాయం, వైద్యం, పరిశ్రమల వంటి పనులకు వాడే బట్టలు. 2021లో కృత్రిమ నూలు బట్టలు, దుస్తులు, సాంకేతిక వస్త్రాల తయారీకి 10,683 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది. కోతల కాలంలో వాన పడితే మన రైతులు ధాన్యం రాశుల మీద కప్పే టార్పాలిన్ కూడా పూత పూసిన బట్టే. బట్టల పరిశ్రమల కోసం కేంద్రం 2023లో ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కులలో వరంగల్ ఒకటి. అనుభవం వచ్చాక తెలుగునేలకు తిరిగి రావడానికి అదొక దారి.

వెళ్లేలోగా అతను మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌లు, యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటరైన పీఎల్‌సీకి ఆదేశాలు రాసే ల్యాడర్ ప్రోగ్రామింగ్ మళ్లీ ఒకసారి చూసుకోవాలి. రోబోలకు ఎక్కువగా వాడే ఆర్‌ఓఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. రోబో లేకపోయినా ఇంట్లోని కంప్యూటర్‌లో రోబో కదలికలను తెర మీద చూపించే గెజిబో అనే సిమ్యులేటర్ మీద దాన్ని సాధన చేయవచ్చు. ఐఐటీల వారు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు కూడా ఉచితమే. మాట్లాడేంత తమిళం నేర్చుకోవడం వీటన్నిటికన్నా ముందు అక్కరకొస్తుంది, ఎందుకంటే స్టెంటర్ దగ్గరి పాత ఆపరేటర్లు నేర్పేది పుస్తకాల్లో దొరకదు.

ఒప్పందం మీద సంతకం పెట్టకముందు మీరే మిల్లువారితో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకమైన నాట్స్ కింద నమోదు చేస్తారా, ఏ విభాగంలో ఎన్ని నెలలు ఉంచుతారు, రోబోల మరమ్మతు సొంత సిబ్బందికి నేర్పిస్తారా లేక అమ్మిన కంపెనీయే చూసుకుంటుందా అని అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి. పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ పూత కోటింగ్‌లో వాడే డీఎంఎఫ్ అనే ద్రావకం కాలేయానికి హాని చేస్తుంది. అందువల్ల ఆ విభాగంలో ఆవిరిని బయటికి లాగే ఏర్పాటు, తగిన మాస్కులు, చేతి తొడుగులు ఉన్నాయో లేదో అబ్బాయిని స్వయంగా వెళ్లి చూసి రమ్మనండి. ఈ విషయాల్లో దాటవేత ధోరణి కనిపిస్తే ఆ మిల్లును వదిలేసి, ఈసెట్‌కే సిద్ధం చేయించండి. అన్నీ సరిగా ఉంటే నిశ్చింతగా పంపండి. ఈసెట్ ప్రతి ఏడాదీ జరిగే పరీక్ష కనుక, అప్రెంటిస్ కాలం ముగిశాక చదవాలనిపిస్తే అప్పుడైనా రాయవచ్చు.