పెరట్లో షటిల్ కోర్టు: అప్పు చెయ్యాలా, ఎఫ్‌డీ తియ్యాలా?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక ఆరు సెంట్ల ఖాళీ ఉంది. కాస్త పల్లం, గట్టున నాలుగు కొబ్బరి చెట్లు. తొమ్మిదో తరగతి పాపకూ, ఐదో తరగతి బాబుకూ షటిల్ అంటే ప్రాణం. 60×30 అడుగుల సిమెంటు కోర్టుకు కాంట్రాక్టరు 6.5 లక్షలు చెప్పాడు: మెరక చెయ్యడానికి 1.6, కాంక్రీటు బెడ్డుకు 2.6, రంగుల పూతకు 1.1, స్తంభాలు, లైట్లు, వలలకు 1.2. మా ఇద్దరి జీతాల్లో నెలకు 20 వేలు మిగులుతోంది. 8 లక్షల ఎఫ్‌డీ ఉంది. 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామని నేను, ఎఫ్‌డీ తీసేద్దామని మావారు. సాయంత్రాలు కోర్టు అద్దెకిస్తే డబ్బు తిరిగి రాదా?

జవాబు: మీ ఇద్దరి మాటా వద్దంటాను. కోర్టు మాత్రం వద్దనను.

5 లక్షలు 14 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 11,630 రూపాయలు. మొత్తం వడ్డీ దాదాపు 1.98 లక్షలు. అంటే మెరక చెయ్యడానికయ్యే ఖర్చు కన్నా బ్యాంకుకు కట్టేదే ఎక్కువ. ఇక ఎఫ్‌డీ. పాప ఇంటర్‌లో చేరడానికి రెండేళ్లు కూడా లేదు. ఆ తర్వాత ఇంజినీరింగో, మరొకటో. పేరు రాయలేదు కానీ ఆ 8 లక్షలు పాపవే. ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం కోస్తాయి కూడా.

అసలు సంగతి మీ నేలలో ఉంది. మన డెల్టా నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పల్లాన్ని గ్రావెల్‌తో నింపి, నెల తిరక్కుండా బెడ్డు వేస్తే, కింది మట్టి కుదురుకునే కొద్దీ పైన పగుళ్లు వస్తాయి. దాని మీద పోసిన 1.1 లక్షల రంగు కూడా పగుళ్లతోనే పోతుంది. నింపిన మెరక ఒక వానాకాలం, ఆపైన అక్టోబరు, నవంబరు తుపాను వానలు తిన్నాక బెడ్డు వెయ్యడం మేలు. ఆ ఆగే కాలమే మీకు డబ్బు కూడబెడుతుంది.

కొలత కూడా తగ్గించండి. డబుల్స్ కోర్టు గీతల మధ్య 44×20 అడుగులే. అటూ ఇటూ మూడేసి, వెనకా ముందూ నాలుగేసి అడుగులు వదిలితే 52×26. టోర్నమెంటుకు చాలదు, ఇంటికి చాలు. వైశాల్యం నాలుగో వంతు తగ్గుతుంది కాబట్టి కాంట్రాక్టరు రేటు అదే అయితే మెరకకు 1.2 లక్షలు, బెడ్డుకు 1.95 లక్షలు పడతాయి.

ఈ నవంబరు నుంచి నెలకు 20 వేలు ఆర్డీ కట్టండి. ఏప్రిల్‌కు 1.2 లక్షలు చేతికొస్తాయి. కాలువలు కట్టేసి చెమ్మ తగ్గే రోజులు అవే. పొరలు పొరలుగా నింపించి, దిమ్మిస కొట్టించి, సున్నంతో గీతలు గీసి, రెండు ఇనుప గొట్టాలకు వల కట్టండి. పిల్లలు మట్టి మీదే ఆడతారు, మోకాళ్లకూ అదే మంచిది. మే నుంచి మళ్లీ ఆర్డీ. వచ్చే ఫిబ్రవరికి 2 లక్షలు, అంటే బెడ్డు ఖర్చు. అప్పటికి పాప పదో తరగతి పరీక్షల హడావుడిలో ఉంటుంది. అప్పుడూ కోర్టు ఖాళీగా ఉండటం లేదంటేనే బెడ్డు వేయించండి. లేదంటే ఆ డబ్బు ఇంటర్ ఫీజుకు పోతుంది, నష్టమేమీ లేదు. ఈ మధ్యలో ఆస్పత్రి ఖర్చులాంటిది వస్తే అదే ఎఫ్‌డీ మీద అప్పు తీసుకోవచ్చు. ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువే పడుతుంది.

అద్దె ఆశ వదిలెయ్యండి. షటిల్ బరువు అయిదు గ్రాముల చుట్టూ. సముద్రపు గాలి తగిలే మన సాయంత్రాల్లో అది ఎటు పోతుందో కొట్టినవాడికే తెలియదు. డబ్బిచ్చి ఆడేవాళ్లు కప్పున్న కోర్టుకే పోతారు. పైగా అద్దె వసూలు చేస్తే ఇంటి మీటరు మీద లైట్లు వెయ్యడం కుదరదు, అది వాణిజ్య వాడకం అవుతుంది. రేకుల షెడ్డు మాట ఎవరైనా ఎత్తితే 1996 నవంబరు తుపాను చూసినవాళ్లని అడగమనండి.

కొబ్బరి చెట్లు కొట్టించకండి, కాయల దింపు ఆదాయం చిన్నదైనా ఏటా వచ్చేదే. కాకపోతే కోర్టును చెట్టు కిందకు రానివ్వకండి. మట్ట పడినా, కాయ పడినా ప్రమాదమే. అమలాపురం షటిల్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ ఆసియా క్రీడల స్వర్ణం చూసి పిల్లలకు ఉత్సాహం వచ్చి ఉంటే, అతను హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో రాటుదేలాడని కూడా చెప్పండి. పాప నిజంగా ఆడేదైతే రంగుల పూత డబ్బు కోచింగ్‌కు మళ్లించండి.

కాంట్రాక్టరుతో కాగితం రాసుకోండి. పది అడుగులకు అంగుళం చొప్పున వాలు ఉండాలి. డబ్బు పని జరిగిన మేరకే, ఆఖరి పదో వంతు మాత్రం మొదటి పెద్ద వాన తర్వాత నీరు ఎక్కడా నిలవకపోతేనే ఇవ్వాలి.