మొక్క ఒరిగింది వేరుకుళ్లుతో కాదు, మొదట్లో మట్టి పోయి

ప్రశ్న: కొండవాలులో రెండెకరాల్లో అనాస నాటి పదహారు నెలలైంది. ఈ వానలకు మొక్కలు ఒరిగిపోతున్నాయి. ఆకులు పసుపెక్కి, కొసలు ఎర్రబడుతున్నాయి. వేరుకుళ్లు అని మందుల దుకాణంలో చెబితే మూడుసార్లు మందు పోశాను, గుళికలు చల్లాను. తగ్గలేదు. ఇంతకంటే గట్టి మందు ఏదైనా ఉంటే చెప్పండి. ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, సీతంపేట మండలం, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: గట్టి మందు చెప్పను. మీ చేనుకు వచ్చింది వేరుకుళ్లు కాదు. మీరు పంపిన మూడో ఫొటో మీరే మరోసారి చూడండి. కాండం మొదలు మూడు వేళ్ల మేర బయటపడింది. సన్న వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. నేలంతా గులకరాళ్లు తేలాయి. వరుసల మధ్య వాన నీరు కోసిన గాడి కింది గెడ్డ (వాగు) వైపు తిన్నగా దిగుతోంది. మీ చేను మట్టి ఆ గెడ్డలోకి పోయింది. అనాస వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి. ఆ మట్టే పోతే మొక్క దేన్ని పట్టుకుని నిలబడుతుంది?

అనుమానం ఉంటే రేపు పొద్దున్నే చేలో పది మొక్కలు చూడండి. నడిమి మొవ్వు పట్టుకుని లాగితే ఆకులు ఊడి చేతికొచ్చి, మొదలు మెత్తబడి దుర్వాసన వస్తే అది మొవ్వుకుళ్లు. ఆకుల కొసలు కిందికి ముడుచుకుని, మొదట్లో తెల్లటి పిండినల్లి, చుట్టూ చీమలు ఉంటే అది పిండినల్లి వల్ల వచ్చే వడలు తెగులు. మొవ్వు గట్టిగా ఉండి మొక్క మొత్తం ఊగితే, వేళ్లు ఎండినట్లు కనిపిస్తే మట్టి కోతే. మొవ్వుకుళ్లు ఉన్నవి దొరికితే పీకి దూరంగా పారేసి, చుట్టుపక్కల మొక్కల మొదళ్లలో మాత్రమే 1 శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీరు 100 లీటర్లు) పోయండి. చేనంతా పోయవద్దు.

మందు అమ్మే మనిషి మీ చేను వాలు చూడలేదు, మీరు తీసుకెళ్లిన ఆకు చూశాడు. ఆకు పసుపెక్కిందంటే తెగులు, తెగులంటే మందు. ఈ లెక్కతో మన గిరిజన రైతులు వేలు పోగొట్టుకుంటుంటే చూసి బాధ కలుగుతోంది. వాలు మీద చల్లిన గుళికల్లో మొక్కకు అందేది కొంతే. పెద్ద వాన పడితే మిగిలింది మట్టితోపాటు గెడ్డలోకే. ఆ నీళ్లే కింద పశువులు తాగుతాయి.

అంతకంటే పెద్ద తప్పు గడ్డిమందు. ఫొటోలో వరుసల మధ్య గడ్డిపరక లేదు. చేను అద్దంలా ఉందని సంతోషించారేమో, వాలులో బోడి నేల అంటే వానకు అప్పగించిన నేల. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు మట్టి పోయిందంటే దాదాపు 50 టన్నులు, పదిహేను ట్రాక్టర్ల లోడు. మీ చేలో కొన్నిచోట్ల అంతకు రెండు మూడు రెట్లు పోయింది. ఇక గడ్డిమందు ముట్టుకోకండి. గడ్డిని కొడవలితో నాలుగు వేళ్ల ఎత్తు ఉంచి కోసి, కోసింది అక్కడే పరవండి.

ఇప్పుడు చేయవలసింది: నేలలో తేమ ఉండగానే, కింది గట్టు దగ్గర పేరుకున్న మట్టిని తట్టలతో పైకి మోసి మొక్క మొదట్లో ఎగదోయండి. మొవ్వులో మట్టి పడకూడదు, పడితే నిజంగానే కుళ్లు వస్తుంది. మొదట్లో లోతుగా తవ్వవద్దు. మట్టి ఎగదోసే ముందు మొక్కకు 8 గ్రాముల యూరియా, 6 గ్రాముల పొటాష్ పైవాలు వైపు రెండంగుళాల గాడిలో వేసి కప్పండి. తరువాత ఎండుటాకులు, గడ్డి మూడంగుళాల మందాన పరవండి. పూత మందు తొందరపడి పోయవద్దు. 39–40 ఆకులు నిండి, నిటారుగా నిలబడిన మొక్కలకే పోయాలి. 100 లీటర్ల నీటికి 39 శాతం ఎథ్రిల్ 6.4 మి.లీ., యూరియా 2 కిలోలు, కాల్షియం కార్బొనేట్ 40 గ్రాములు కలిపి, మొక్కకు 50 మి.లీ. చొప్పున మొవ్వులో పోయండి. ఒరిగిన మొక్కకు పోస్తే కాయ బరువుకు పూర్తిగా పడిపోతుంది.

అసలు పని ఏప్రిల్, మే నెలల్లో ఉంది. చేను పైఅంచున ఒక కాలువ తీసి కొండ నీటిని పక్కకు మళ్లించండి. లోపల వాలుకు అడ్డంగా, నేల మీటరు దిగిన చోటల్లా ఒక వరుస కందకాలు తీయండి. ఒక్కోటి రెండు మూడు మీటర్ల పొడవు, 45 సెం.మీ. వెడల్పు, అంతే లోతు. పై వరుసలో రెండు కందకాల మధ్య వదిలిన ఖాళీకి సరిగ్గా కింద తరువాతి వరుస కందకం రావాలి. తవ్విన మట్టి కింది వైపు గట్టుగా వేసి, తొలి వానలకు దాని మీద జానెడు దూరానికొక వట్టివేరు పిలక నాటండి. ఉపాధి హామీ పనుల్లో ఈ కందకాలు పెట్టించమని గ్రామసభలో అడగండి.

అడ్డంగా అంటే కంటి అంచనా చాలదు. రెండు మీటర్ల వెదురు కర్రలు రెండు పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర వేసి, పై ముడి నుంచి తాడుకు రాయి వేలాడదీయండి. రెండు కాళ్లు ఆనిన చోట్ల మేకులు పాతి, తాడు అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టండి. కాళ్లు అటుదిటు మార్చి అవే మేకుల దగ్గర నిలబెట్టి మళ్లీ గీత పెట్టండి. రెండు గీతల నడిమి చోటే మట్టం. తాడు అక్కడ నిలిచేలా ఒక కాలు కదలకుండా రెండోది తిప్పుకుంటూ చేనంతా నడవండి. ఇద్దరుంటే పని తేలిక.

మళ్లీ నాటేటప్పుడు వరుసలన్నీ ఆ గీతల వెంటే రావాలి. జంట వరుసల మధ్య 60, జంటకూ జంటకూ 90, మొక్కల మధ్య 30 సెం.మీ. ఉంచితే కందకాలు లేని నేలలో ఎకరాకు 17–18 వేల మొక్కలు పడతాయి. కందకాలకు పోయిన చోటు గురించి బెంగ వద్దు. పాత దుబ్బులను కాల్చకండి, నరికి వాలుకు అడ్డంగా వరుసగా పేర్చండి. మొదటి ఏడాది జంటల మధ్య ఖాళీలో అలసందలు చల్లండి. చేను పైభాగంలో మరీ నిటారుగా ఉన్న ముక్కలో అనాస మానేసి జీడిమామిడి పెట్టండి. కందకాలు తీశాక ఫొటోలు పంపండి, గట్ల వాలు సరిగా ఉందో లేదో చూసి చెబుతాను.