షిప్డ్ అన్నారు, మరి డబ్బా ఏదీ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పార్సిళ్ళ గోలే. ల్యాప్‌టాప్ ఎక్కడుంది, పవర్ బ్యాంక్ ఎందుకు కదలట్లేదు, ట్రాకింగ్‌లో ఈ ఊరి పేరేంటి, ఇవే. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి తోసేసి ఈ పేజీ మొత్తం వీటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అన్నా, ఒక అమెరికా కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే ల్యాప్‌టాప్ ఆర్డర్ పెట్టాను, మెమరీ కాస్త ఎక్కువ వేయించుకున్నాను. ట్రాకింగ్ చూస్తే షాంఘైలో బయల్దేరింది అంటోంది. నన్నేమన్నా మోసం చేశారా?

జవాబు: మోసమేం లేదు తమ్ముడూ, కంగారు పడకు. మెమరీ ఎక్కువ వేయించుకున్నా అన్నావు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది. ఏ మార్పూ లేని మామూలు మోడల్ అయితే వేలకొద్దీ ముందే తయారైపోయి, ప్యాలెట్లనే చెక్క బల్లల మీద పేర్చి, కొనేవాళ్ళకి దగ్గర్లో ఉన్న గోడౌన్లకి చేరిపోయి ఉంటుంది, ఆర్డర్ పడగానే అక్కణ్ణుంచి తీసి పంపేస్తారు. నీలాగా నాకు ఇంత మెమరీ కావాలి ఇంత స్టోరేజీ కావాలి అని అడిగేవాళ్ళ కోసం ముందే చేసి పెట్టుకోవడం అయ్యే పని కాదు. 3 ప్రాసెసర్లు, 4 మెమరీ సైజులు, 5 స్టోరేజీలు, 10 భాషల కీబోర్డులు, 2 రంగులు అనుకో, గుణిస్తే 1,200 రకాలవుతాయి, ఇన్ని రకాలు ఏ గోడౌన్‌లో పెడతారు చెప్పు. అందుకే నీ ఆర్డర్ తిన్నగా ఫ్యాక్టరీకి పోతుంది, అక్కడ బిగించి, టెస్ట్ చేసి, డబ్బాలో పెట్టి, ఆ లైన్ చివర్లోనే నీ పేరూ అడ్రసూ ఉన్న లేబుల్ అంటించేస్తారు. మధ్యలో షాపూ లేదు, డీలరూ లేడు.

కంపెనీ అమెరికాది, సరే, కానీ చాలా బ్రాండ్లు ల్యాప్‌టాప్‌ని తమ చేత్తో బిగించవు. ఆ పని తైవాన్ కంపెనీలది. క్వాంటా ఫ్యాక్టరీ షాంఘై శివార్లలో సోంగ్‌జియాంగ్‌లో ఉంది, కంపాల్‌ది ఆ పక్కనే కున్‌షాన్‌లో, ఫాక్స్‌కాన్ వాళ్ళు ఐఫోన్లు బిగించే పెద్ద ఫ్యాక్టరీ జెంగ్‌జౌలో ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో. ఈమధ్య వియత్నాం, థాయ్‌లాండ్, ఇండియా పేర్లు కూడా డబ్బాల మీద కనిపిస్తున్నాయి. షాంఘై అని ఉంటే మాత్రం ఆశ్చర్యపోయేదేం లేదు.

ఈ పద్ధతిని బాగా పాపులర్ చేసింది డెల్, 1984లో మొదలైన కంపెనీ. ముందు ఆర్డరు, తర్వాతే బిగింపు. చిప్పుల రేట్లు పడిపోతూ ఉంటాయి కాబట్టి గోడౌన్‌లో మూలుగుతున్న సరుకు అంటే నష్టమే అని వాళ్ళ లెక్క. ఐపాడ్ వెనకాల పేరు చెక్కించుకున్న పాతవాళ్ళని అడిగి చూడు, అవి కూడా చైనా నుంచి సూటిగా ఇంటికొచ్చినవే, అప్పట్లో జనం ట్రాకింగ్ చూసి నీలాగే నోరెళ్ళబెట్టారు.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ ట్రాకింగ్‌లో రెండో రోజు యాంకరేజ్ అని వచ్చిందండీ. అలాస్కాలో దానికేం పని?

జవాబు: పని దానికి కాదు, విమానానికి. సరుకు నిండా వేసుకున్న కార్గో విమానం చైనా నుంచి అమెరికా నడిబొడ్డుకి ఒకేసారి వెళ్ళాలంటే ఇంధనం ఎక్కువ పోయించుకోవాలి, ఆ బరువుకి సరిపడా సరుకు దించేయాలి. సరుకు దించితే డబ్బులు దించినట్టే కదా. అందుకని సరుకంతా వేసుకుని, సగందాకా సరిపోయే ఇంధనంతో ఎగిరి, యాంకరేజ్‌లో ట్యాంకు నింపుకుని, అప్పుడు లూయీవిల్‌కో మెంఫిస్‌కో పోతాయి. ఆ రెండూ యూపీఎస్, ఫెడెక్స్ అనే కొరియర్ కంపెనీల పెద్ద హబ్బులు, అంటే పార్సిళ్ళన్నీ చేరి విడిపోయే చోట్లు. మ్యాప్ చదునుగా గీస్తారు కాబట్టి అలాస్కా దారి తప్పినట్టు అనిపిస్తుంది కానీ గ్లోబు మీద దారం లాగి చూడండి, షాంఘై నుంచి అటు పోయే దగ్గరి దారి ఆ పక్కగానే పోతుంది.

అన్నీ విమానంలోనే రావు లెండి. యూరప్ వాళ్ళకి రైలు కూడా ఉంది. చోంగ్‌చింగ్‌లో తయారైన ల్యాప్‌టాపుల కోసం 2011లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్ దాకా కంటైనర్ రైళ్ళు మొదలుపెట్టారు, దగ్గర దగ్గర 11,000 కిలోమీటర్లు. చైనాలో పట్టాల మధ్య వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, కజకస్తాన్, రష్యా, బెలారస్‌లలో 1,520, పోలండ్‌లో మళ్ళీ 1,435. ఆ తేడా వల్ల దారిలో రెండుసార్లు కంటైనర్లని క్రేన్‌తో లేపి ఇంకో రైలు మీద పెడతారు. 85 మిల్లీమీటర్ల తేడాకి ఇంత తతంగం!

ప్రశ్న: షిప్డ్ అని మెయిల్ వచ్చి ఆరు రోజులైంది సార్, ట్రాకింగ్ నంబరు కొడితే ఒక్క లైనే, వివరాలు అందాయి అంతే. సెల్లర్‌ని అడిగితే పంపేశాం అంటాడు. ఎవర్ని నమ్మాలి?

జవాబు: ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, అదే చిక్కు. ఇది నాకూ జరిగింది. ఒక చిన్న సెల్లర్ దగ్గర కీబోర్డు కొన్నా, మర్నాడే షిప్డ్ అని మెయిల్, నేను సంబరపడిపోయి పాతది మా మేనల్లుడికిచ్చేశా. తొమ్మిది రోజులు ట్రాకింగ్‌లో అదే ఒక్క లైను. గట్టిగా అడిగితే అప్పుడు నసిగాడు, కీబోర్డుకి స్విచ్చులు ఇంకా రాలేదట, లేబుల్ మాత్రం ప్రింట్ చేసి పెట్టుకున్నాడట. కంప్యూటర్లో లేబుల్ పుట్టగానే సిస్టమ్ షిప్డ్ అని మెయిల్ కొట్టేస్తుంది, డబ్బా లేచిందా లేదా దానికి తెలీదు, అక్కర్లేదు కూడా. మొదటి స్కాన్ పడేదాకా నీ పార్సిల్ కాగితం మీదే ఉందని లెక్క.

స్కాన్ పడ్డాక కూడా మౌనం ఉంటుంది, అది వేరే రకం. నీ డబ్బా ఒంటరిగా ప్రయాణం చేయదు. ఫ్యాక్టరీ నుంచో సెల్లర్ గోడౌన్ నుంచో లారీలో సార్టింగ్ సెంటర్‌కి పోతుంది, అక్కడ ఒకే దేశం వెళ్ళేవన్నీ గుంపు చేస్తారు. విమానం పొట్ట ఆకారానికి సరిపోయేలా చేసిన అల్యూమినియం పెట్టెలుంటాయి, వాటిలో పేరుస్తారు, లేకపోతే పెద్ద పళ్ళెం లాంటి దాని మీద పేర్చి వల కట్టేస్తారు. ఆ గుంపు మొత్తానికి ఎయిర్‌లైన్ ఇచ్చే బిల్లు ఒకటే, దాన్ని మాస్టర్ ఎయిర్ వేబిల్ అంటారు, 11 అంకెల నంబరు, మొదటి 3 అంకెలు ఆ ఎయిర్‌లైన్ కోడు. లోపలున్న ఒక్కో సరుకుకి పంపే ఏజెంటు రాసుకునేది హౌస్ వేబిల్. ఆకాశంలో ఉన్నంతసేపూ ఎయిర్‌లైన్‌కి తెలిసింది ఆ పెద్ద నంబరే, నీ చేతిలో ఉన్న నంబరు ఎవరిదో దానికి తెలీదు. అటు దిగి, వల విప్పి, ఒక్కో లేబుల్‌నీ మళ్ళీ స్కాన్ చేసినప్పుడు నీ పేజీలో ఒకేసారి నాలుగు లైన్లు వచ్చి పడతాయి. అందుకే చాలామందికి పార్సిల్ రెండు రోజులు మాయమై ఉన్నట్టుండి సముద్రం అవతల తేలినట్టు కనిపిస్తుంది.

నా కీబోర్డు చివరికి వచ్చింది. డబ్బా మీద స్టిక్కర్ మీద స్టిక్కర్, మూడు పొరలు. ఊరుకోలేక గోరుతో ఒలిచా. పైన మా దగ్గరి కొరియర్‌ది, దాని కింద కస్టమ్స్ కోసం సరుకు పేరు, విలువ, బరువు రాసిన చిన్న చీటీ, అట్టడుగున చైనీస్ అక్షరాలతో ఫ్యాక్టరీ వాళ్ళ లేబుల్, దాని మూల మీద బాల్‌పెన్‌తో ఎవరో రాసిన 7. ఆ 7 ఏంటో ఇప్పటికీ అర్థం కాలేదు, లారీ నంబరో, అలమార నంబరో.

ఇంకో కిటుకు. పోస్టులో వచ్చే వాటి నంబరు ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో 9 అంకెలు, చివర్లో రెండు అక్షరాలు ఉంటాయి. చివరి రెండూ ఏ దేశపు పోస్టు ఇచ్చిందో చెప్తాయి, సీ-ఎన్ అంటే చైనా, హెచ్-కె అంటే హాంకాంగ్, ఎస్-జి అంటే సింగపూర్. 9 అంకెల్లో చివరిది ముందు 8 అంకెల్ని లెక్కకట్టి వేసే చెక్ అంకె, అందుకే ఎక్కడో ఒక్క అంకె తప్పు కొట్టినా సాధారణంగా నంబరు చెల్లదు అంటుంది.

ప్రశ్న: ఒకే రోజు ఒకే సెల్లర్ దగ్గర హెడ్‌ఫోన్లు, పవర్ బ్యాంక్ ఆర్డర్ పెట్టానండీ. హెడ్‌ఫోన్లు వారంలో వచ్చాయి. పవర్ బ్యాంక్ నెల దాటినా సముద్రం మీదే ఉందట. వివక్ష ఎందుకు?

జవాబు: వివక్షేనండీ, కానీ కారణం ఉన్న వివక్ష. హెడ్‌ఫోన్లలో ఉండేది పరికరం లోపల బిగించిన చిన్న బ్యాటరీ. పవర్ బ్యాంక్‌ని విమానాల రూల్స్ పరికరం అనవు, ఉత్త బ్యాటరీ కిందే లెక్క, ప్రమాదకర సరుకుల జాబితాలో దాని కోడు యూఎన్ 3480. ఇలాంటి విడి లిథియం అయాన్ బ్యాటరీల్ని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడం 2016 ఏప్రిల్ 1 నుంచి బంద్. కార్గో విమానంలో వేయొచ్చు కానీ చార్జింగ్ 30 శాతం మించకూడదు, డబ్బా మీద మార్కులు, లేబుళ్ళు, కాగితాలు సవాలక్ష. చిన్న సెల్లర్లకి ఈ తలనొప్పి కంటే ఓడ ఎక్కించేయడమే సుఖం.

దీని వెనక విషాదం కూడా ఉంది. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో బయల్దేరిన యూపీఎస్ కార్గో విమానం, బోయింగ్ 747, సరుకులో మంటలు లేచి కూలిపోయింది. అందులో లిథియం బ్యాటరీలు చాలా ఉన్నాయి, నిప్పు వాటి దగ్గరే మొదలైందని దర్యాప్తులో తేల్చారు. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. లిథియం బ్యాటరీ ఒకటి వేడెక్కి అంటుకుంటే పక్కదాన్ని అంటిస్తుంది, మామూలుగా ఆర్పితే ఆరదు, అదే అసలు భయం. నెల ఆలస్యమైతే అయింది అని నేనైతే సర్దుకుంటా.

మీ పవర్ బ్యాంక్ సైజు తెలుసుకోవాలంటే వాట్ అవర్లు చూడండి. 20,000 ఎంఏహెచ్ అని ఉంటే 20 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్ అవర్లు. 100 దాటితే రూల్స్ ఇంకా బిగుసుకుంటాయి.

ప్రశ్న: స్పీకర్ బరువు 5 కిలోలే, కొరియర్ వాడు 12 కిలోలకి చార్జీ వేశాడు. తూకం తప్పా?

జవాబు: తూకం కరెక్టే, వాడు తూచింది గాలిని. విమానంలో బరువుకి ముందే జాగా అయిపోతుంది, అందుకని పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. మీ డబ్బా 50, 40, 30 అయితే 12 వస్తుంది, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. 2020లో ఐఫోన్ 12తో పాటు చార్జర్ ఇవ్వడం మానేసినప్పుడు పర్యావరణం అన్నారు గానీ, డబ్బా పల్చబడి ఒక ప్యాలెట్ మీద 70 శాతం దాకా ఎక్కువ డబ్బాలు పడతాయని కూడా ఆపిలే చెప్పింది, నాకైతే రెండోదే గట్టి కారణం అనిపించింది.

ప్రశ్న: సెల్లర్ "గిఫ్ట్ అని రాసి, విలువ తక్కువ వేస్తా, కస్టమ్స్ డ్యూటీ పడదు" అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దు. దిగుమతి చేసుకునేది మీరు కాబట్టి తప్పుడు విలువ పట్టుబడితే సరుకు ఆగేది మీదే, మీకే నోటీసు. పైగా దారిలో పోతే పరిహారం ఆ రాసిన తక్కువ విలువకే లెక్కేస్తారు. చిన్న పార్సిల్ అయితే ఎవరూ చూడరులే అనే రోజులు కూడా పోతున్నాయి, యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు సరుకుకి ఉన్న వ్యాట్ మినహాయింపు 2021 జులై 1న ఎత్తేసింది, అమెరికా 800 డాలర్ల లోపు డ్యూటీ లేకుండా వదిలే పద్ధతిని చైనా, హాంకాంగ్ సరుకుకి 2025 మేలో, మిగతా దేశాలకి అదే ఏడాది ఆగస్టులో ఆపేసింది. కొనేముందు చెకౌట్ పేజీలో పన్నులు కలిపే ఉన్నాయా, గుమ్మం దగ్గర మళ్ళీ కట్టాలా అన్నది చూసుకోండి, అది చాలు.

ప్రశ్న: వచ్చిన ట్యాబ్ బ్యాటరీ ఉబ్బింది. వెనక్కి ఫ్యాక్టరీకే పంపాలా?

జవాబు: విమానంలో అస్సలు పంపకూడదు, పాడైన లిథియం బ్యాటరీలకి నిషేధం ఉంది. చార్జింగ్ పెట్టడం ఆపి, ఫొటోలు తీసి సెల్లర్‌కి పంపి డబ్బు వాపస్ అడగండి. గుచ్చి చూడొద్దు.

ప్రశ్న: అంకుల్, నాకు పదమూడేళ్ళు. నా గేమ్ కంట్రోలర్ మీద ఫ్యాక్టరీలోనే నా పేరు రాశారంట, మరి అక్కడ నా పేరు ఎవరైనా చదివి ఉంటారా?

జవాబు: లేబుల్ ప్రింటర్‌లోంచి వస్తుంది నాన్నా, స్కానర్ బార్‌కోడ్ చూస్తుంది, కన్వేయర్ బెల్టు తోసేస్తుంది. అంటించిన అక్కో అన్నో ఒక్క క్షణం చూసి ఉంటారేమో, వాళ్ళ వెనక ఇంకో డబ్బా వచ్చేస్తుంటుంది కదా. కానీ ఒక పని చెయ్యి, లోపలి కవరు మీదో కంట్రోలర్ వెనకో గోరంత గుండ్రటి స్టిక్కరు ఉందేమో వెతుకు, చాలా వస్తువుల మీద ఉంటుంది, క్యూసీ (అంటే క్వాలిటీ చెక్) అనీ దాని కింద ఒక అంకె అనీ. అది దాన్ని చేత్తో పట్టుకుని బటన్లు నొక్కి చూసినవాళ్ళ నంబరు. నీది ఎంతో నాకు రాసి పంపు.