హెచ్‌ఐవీ పరిశోధనలో చేరుతున్న అమ్మాయికి

చిరంజీవి స్రవంతికి పెద్దనాన్న ఆశీస్సులు.

అనంతపురం జిల్లాలో హెచ్‌ఐవీ చికిత్సపై జరుగుతున్న అధ్యయనంలో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఇరవై ఏళ్లు అదే పని మీద ఊళ్లు తిరిగినవాణ్ణి కనుక, శిక్షణలో చెప్పని కొన్ని సంగతులు రాస్తున్నాను.

మన దేశంలో తొలి కేసులు 1986లో చెన్నైలో బయటపడినా, వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో గాని మొదలుకాలేదు. అప్పుడైనా సీడీ4 కణాలు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, బాగా పడిపోయినవారికే ఇచ్చేవారు. ఆ ఆలోచనను మార్చిన వాటిలో ముఖ్యమైనది తొమ్మిది దేశాల్లో, మన చెన్నై, పుణెలతో సహా, ఒకరికి వైరస్ ఉండి మరొకరికి లేని 1,763 జంటలతో చేసిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం. వైరస్ ఉన్నవారిలో ఒక వర్గానికి మందులు వెంటనే మొదలుపెట్టారు, మరో వర్గానికి ఆలస్యంగా. 2011లో ఫలితాలు చూస్తే, భాగస్వామి నుంచే సోకినట్టు జన్యు పరీక్షలో తేలిన 28 కేసుల్లో 27 మందులు ఆలస్యంగా మొదలుపెట్టిన వర్గంలోవే. 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా అందరికీ మందులివ్వడం వెనుక ఇటువంటి అధ్యయనాలున్నాయి. ఆ జంటలు ఏళ్ల తరబడి పిలిచినప్పుడల్లా రాకపోయి ఉంటే ఆ 27 అన్న అంకె పుట్టేదే కాదు.

అందుకే నీ దృష్టి ఎప్పుడూ రానివాళ్ల మీద ఉండాలి. మన వైపు నుంచి పని కోసం బెంగళూరుకో కేరళకో వెళ్లేవాళ్లు ఎక్కువ; కొందరు అక్కడి సెంటర్‌లో మందులు తీసుకుంటూ ఉంటారు, కొందరు పూర్తిగా మానేసి ఉంటారు, కొందరు చనిపోయి ఉంటారు. ఈ మూడు రకాలవాళ్లనీ ఒకే గడిలో ‘ఆచూకీ లేదు’ అని రాస్తే మరణాలు తక్కువగా కనిపించి, చికిత్స ఉన్నదాని కంటే గొప్పగా పనిచేసినట్టు లెక్క తేలుతుంది. అది అబద్ధపు లెక్క అవుతుంది.

అయితే వెతకడంలోనూ ఒక పద్ధతి ఉంది. కొత్తలో నేను ప్రాజెక్టు పేరు రాసి ఉన్న జీపులో నేరుగా ఒకావిడ ఇంటి ముందు దిగాను. ఎదురింటి అరుగు మీద నలుగురు కూర్చుని చూస్తున్నారు. ఆమె చేతిలో చేట అలాగే పట్టుకుని, ‘మీరెవరో నాకు తెలియదు’ అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మళ్లీ ఏనాడూ సెంటర్‌కు రాలేదు. తప్పు పూర్తిగా నాదే. పేరు నమోదు చేసుకునే రోజునే, ఎక్కడ కలవాలి, ఏ నంబరుకు ఏ వేళలో చేయాలి, వేరొకరు ఫోను ఎత్తితే ఎవరినని చెప్పుకోవాలి అని అడిగి రాసుకో. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ స్థితిని బయటపెట్టకూడదని 2017 నాటి చట్టమే చెబుతోంది, కానీ జీపు బయటపెట్టేస్తుందని ఆ చట్టంలో రాసి ఉండదు కదా.

సమ్మతి పత్రం గురించి ఇంకాస్త చెప్పాలి. మా రోజుల్లో అందులో ‘యాదృచ్ఛికంగా కేటాయించబడతారు’ అని రాసి ఉండేది. అది చదివి వినిపిస్తే నాకే అర్థమయ్యేది కాదు. ‘చీటీ తీసినట్టు, ఏ మందు వస్తుందో మీ చేతిలోనూ లేదు, మా చేతిలోనూ లేదు’ అంటే వెంటనే అర్థమవుతుంది. చేరకపోయినా సెంటర్‌లో ఇచ్చే మందులు ఆగవని రెండుసార్లు చెప్పు. చాలామంది ఆ భయంతోనే తల ఊపుతారు. చదవడం రానివారు వేలిముద్ర వేసేటప్పుడు సాక్షి మన సిబ్బందిలోని మనిషి కాకూడదు, అత్తగారు అసలే కాకూడదు.

పత్రం నకలు వారికి ఇవ్వాలన్నది నియమం. ఇచ్చే ముందు మాత్రం, ‘ఇంట్లో దాచుకునే చోటుందా, లేక మా దగ్గర ఉంచమంటారా?’ అని అడుగు. ఉంచమంటే ఆ మాట తేదీతో సహా ఫైలులో రాసిపెట్టు.

ఇట్లు,
మీ పెద్దనాన్న