ఉద్యోగానికి టాంజానియా వచ్చేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సినవి

రాజధాని దార్ ఎస్ సలాం అనుకుని బయల్దేరేవాళ్ళే ఎక్కువ. రాజధాని దొడోమా. 1973లోనే నిర్ణయించినా, మంత్రిత్వ శాఖలు పెద్దఎత్తున కదిలింది 2016 తర్వాతే. ఓడరేవు, పెద్ద కంపెనీలు, భారత హైకమిషన్ ఇప్పటికీ దార్‌లోనే ఉన్నాయి. కాబట్టి ఆఫర్ లెటర్‌లో ఏ ఊరు రాశారో చూసుకోండి. దార్‌లో కాకినాడ ఉక్కపోత. దొడోమా వెయ్యి మీటర్లకు పైనుండే మెట్ట ప్రాంతం, జూన్, జూలై రాత్రుళ్ళు స్వెట్టర్ కావాలి. రెండు ఊళ్ళ మధ్య 2024 నుంచి ఎలక్ట్రిక్ రైలు నడుస్తోంది.

కొత్తవాళ్ళను బాగా తికమక పెట్టేది గడియారం. స్వాహిలీ లెక్కలో పగటి గంటలు పొద్దున ఆరింటి నుంచి మొదలవుతాయి. ఏడైతే 'సా మోజా', ఒకటో గంట. ప్లంబర్ 'సా తాతు'కి వస్తానంటే తొమ్మిదింటికి, మూడింటికి కాదు. కొందరు ఇంగ్లీషులో మాట్లాడుతూ కూడా ఇదే లెక్క చెప్పేస్తారు. రాత్రి లెక్క మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి. అందుకే 'అసుబుహి'యా (పొద్దున), 'ఉసికు'వా (రాత్రి) అని అడిగి, ఆరు కలుపుకోండి.

అద్దె ఆరు నెలలది, ఒక్కోసారి ఏడాదిది ముందే అడుగుతారు. ఆ డబ్బు కంపెనీ ఇస్తుందో లేదో విమానం ఎక్కకముందే తేల్చుకోండి. కరెంటుది లుకు అనే ప్రీపెయిడ్ మీటరు. ఫోన్‌లో డబ్బు కడితే 20 అంకెల టోకెన్ వస్తుంది, దాన్ని మీటర్లో నొక్కాలి. మీటరు నంబరులో ఒక్క అంకె తప్పినా ఆ యూనిట్లు ఇంకొకరికి పోవచ్చు. నంబరు ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ప్లగ్గులు ఎక్కువగా చదరపు మూడు పిన్నులవి, వాటిలో మన గుండ్రటివి పట్టవు.

డాలర్లు తెచ్చుకుంటే 2006కి ముందు అచ్చైన నోట్లు వద్దు, చాలాచోట్ల తీసుకోరు. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులపై 2019 జూన్ నుంచి నిషేధం ఉంది, సామాను గుడ్డ సంచుల్లో సర్దుకోండి.

జ్వరం వస్తే డోలో వేసుకుని రెండ్రోజులు చూద్దామనుకోవద్దు. అదే రోజు మలేరియా పరీక్ష చేయించాలి, నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయించాలి. సెలవులకు ఇండియా వెళ్ళాక జ్వరమొచ్చినా, టాంజానియా నుంచి వచ్చామని డాక్టరుకు ముందే చెప్పండి.

కందిపప్పు మోసుకురావద్దు. కందులు ఇక్కడ బాగా పండుతాయి, ఇండియాకే ఎగుమతి అవుతాయి. చింతపండూ దొరుకుతుంది, 'ఉక్వాజు' అని అడగాలి. ఆ బరువేదో గుంటూరు కారానికీ ఆవకాయకీ ఉంచుకోండి. ఆవకాయ మాత్రం చెక్-ఇన్ సామానులోనే పెట్టండి.