హిప్‌హాప్‌లో మిక్స్‌టేప్‌కి, ఆల్బమ్‌కి తేడా ఏమిటి?

అసలు తేడా హక్కుల దగ్గరే. ఆల్బమ్‌లో వాడే ప్రతి పాత పాట ముక్కకీ అనుమతి తీసుకోవాలి, డబ్బు కట్టాలి. మిక్స్‌టేపుల్లో, అంటే రాపర్లు, డీజేలు సొంతంగా బయటికి వదిలే పాటల సంకలనాల్లో, చాలావరకు ఆ జోలికి పోయేవారు కాదు. 1990ల్లో హ్యూస్టన్‌లో డీజే స్క్రూ పాటల వేగం బాగా తగ్గించి, క్యాసెట్లకెక్కించి తన ఇంటి దగ్గరే అమ్మేవాడు. వాటికోసం జనం గేటు ముందు బారులు తీరేవారు. 2005లో మిక్స్‌టేపుల సైటు డాట్‌పిఫ్ వచ్చాక ఫ్రీ డౌన్‌లోడ్‌ల కాలం మొదలైంది.

స్ట్రీమింగ్‌తో చిక్కొచ్చింది. అక్కడ డబ్బు చేతులు మారుతుంది కాబట్టి అనుమతులు తప్పవు. చాన్స్ ద రాపర్ 2013లో ఉచితంగా ఇచ్చిన మిక్స్‌టేప్ 'యాసిడ్ రాప్' 2019లో స్ట్రీమింగ్‌కి వచ్చింది. కానీ అప్పుడు అందులో 'జ్యూస్' పాట లేదు, శాంపిల్‌కి (అందులో వాడిన పాత పాట ముక్కకి) అనుమతి దొరకలేదు. ఆ చోట 30 సెకన్ల మాటలు మాత్రమే వినిపించాయి. నాకైతే ప్రాణం ఉసూరుమంది. మీ దగ్గర పాత డౌన్‌లోడ్ ఫైళ్లుంటే దయచేసి డిలీట్ చేయకండి.